మూడు బ్యాండ్లు, ఒక గొంతు, ఒక చెక్కబాట

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ‘బిజినెస్’ ఆట ఆడనివాళ్లు మన బ్యాచ్‌లో తక్కువే. బొంబాయి, మద్రాసు, కలకత్తా కొనుక్కుంటూ, రంగు కాగితాల నోట్లు లెక్కపెట్టుకుంటూ, చివరికి అక్కాతమ్ముళ్లు జుట్లు పట్టుకోవడంతో ముగిసే ఆట. దానికి అమెరికాలో పెద్దన్న మోనోపలీ. ఆ బోర్డు మీదున్న వీధులు దాదాపు అన్నీ ఒకే ఊళ్లోవి. ఆ ఊరు న్యూజెర్సీలో, సముద్రం ఒడ్డున ఉన్న అట్లాంటిక్ సిటీ.

ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి ఈ ఊరు కొత్తేం కాదు. రెండు గంటల డ్రైవ్. బీచ్, క్యాసినో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి చూపించాల్సిన లిస్టులో నయాగరాకి ముందో వెనకో ఒక టిక్కు. అందరూ ఎండాకాలంలో వెళ్తారు. నేను ఫిబ్రవరిలో, గాలికి చెవులు తెగిపోతున్న రోజున, ఒక గొంతు కోసం వెళ్లాను. రూమ్మేట్‌కి చెబితే, “క్యాసినోకి పోతున్నానని చెప్పరా, పర్లేదు, ఆంటీకి చెప్పను” అన్నాడు.

ఆ గొంతు పేరు హెలెన్ ఫారెస్ట్. 1917లో ఈ ఊళ్లోనే పుట్టింది. 1938 నుంచి 1943 దాకా, అంటే మనలో చాలామంది ఒక ఉద్యోగంలో కుదురుకోవడానికి పట్టే ఐదేళ్లలో, అమెరికాలోని మూడు పెద్ద డాన్స్ బ్యాండ్లలో పాడింది. ఆర్టీ షా, బెన్నీ గుడ్‌మన్, హ్యారీ జేమ్స్. మనవైపు పోలిక చెప్పాలంటే ఒకే ఐదేళ్లలో ముగ్గురు టాప్ మ్యూజిక్ డైరెక్టర్ల దగ్గర మెయిన్ సింగర్‌గా ఉండటం లాంటిది. తేడా ఏంటంటే ఇక్కడ ఆవిడ జీతగత్తె. బ్యాండ్ బస్సెక్కి వాళ్లతోపాటు ఊరూరూ తిరగాలి.

ముందుగా ఒక టెక్నికల్ సంగతి చెబుతాను, విసుక్కోకండి. మీ ఫోన్‌లో ఏ మ్యూజిక్ యాప్‌లోనైనా ‘ఐ హ్యాడ్ ద క్రేజియెస్ట్ డ్రీమ్’ అని వెతకండి. పాత రికార్డింగు దొరుకుతుంది. పాడింది హెలెన్. కానీ ఆర్టిస్ట్ అన్నచోట చాలాసార్లు కనిపించేది ‘హ్యారీ జేమ్స్ అండ్ హిజ్ ఆర్కెస్ట్రా’. ఎవరో డేటా ఎంట్రీలో చేసిన తప్పు అనుకున్నాను మొదట. డేటాబేస్‌లతో అన్నం తినేవాణ్ని కదా, అలవాటు. తర్వాత పాత 78 ఆర్‌పీఎం రికార్డుల లేబుళ్ల ఫొటోలు చూశాను. అసలు లేబుల్ మీదే అలా ఉంది. పైన పెద్ద అక్షరాల్లో బ్యాండ్ లీడర్ పేరు. కింద చిన్న అక్షరాల్లో ‘వోకల్ కోరస్: హెలెన్ ఫారెస్ట్’. యాప్ చేసిందల్లా ఎనభై ఏళ్ల నాటి పద్ధతిని మోసుకురావడమే.

అది ఆ కాలపు పద్ధతి. స్వింగ్ అంటే 1930ల మధ్య నుంచి 1940ల మధ్య దాకా అమెరికా కుర్రకారు ఊగిపోయిన డాన్స్ సంగీతం. పదిహేను, ఇరవైమంది వాయిద్యగాళ్లు, ముందు క్లారినెట్టో ట్రంపెట్టో పట్టుకుని ఒక హీరో. జనం వచ్చేది డాన్స్ చెయ్యడానికి. పది అంగుళాల రికార్డు ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాలు. అందులో మొదట బ్యాండ్ పాటంతా ఒకసారి వాయిస్తుంది. మధ్యలో గాయని లేచి 32 బార్ల కోరస్ ఒకసారి పాడి కూర్చుంటుంది. మళ్లీ బ్యాండ్ అందుకుని ముగిస్తుంది. ఎంత బాధగల పాటైనా టెంపో డాన్సర్ల కాళ్లకి సరిపోవాలి. లేని సమయంలో గాయని స్టేజీ పక్కన కుర్చీలో, గౌను నలగకుండా, నవ్వు చెదరకుండా కూర్చోవాలి. సంగీత పత్రికలు ఈ అమ్మాయిల్ని ‘కెనరీలు’ అని రాసేవి. పంజరంలో పసుపు పిట్టలన్నమాట. ముద్దుగానే అనేవారట. రికార్డు లక్షల్లో అమ్ముడుపోయినా గాయనికి సాధారణంగా దక్కేది ఆ రోజు కూలే.

మనమేం తక్కువ తినలేదు. 1949లో ‘మహల్’ సినిమా పాట తొలి రికార్డుల మీద లతా మంగేష్కర్ పేరు లేదు, సినిమాలో పాత్ర పేరు ‘కామిని’ అని ఉంది.

కారు పార్క్ చేసి బోర్డ్‌వాక్ ఎక్కాను. ఇది చెక్క పలకలతో కట్టిన మైళ్ల పొడుగు నడకదారి. ఒకవైపు హోటళ్లు, క్యాసినోలు. ఇంకోవైపు ఇసుక, ఆ తర్వాత నీలం కూడా కాని ఒక బూడిద రంగు సముద్రం. 1870లో మొదట వేశారు. కారణం వింటే నవ్వొస్తుంది. బీచ్‌కి వచ్చినవాళ్ల బూట్లకి అంటుకున్న ఇసుక హోటల్ తివాచీల మీదకీ రైలు పెట్టెల్లోకీ వస్తోందని హోటల్‌వాళ్లూ రైలువాళ్లూ గోల పెట్టారట. వైజాగ్ ఆర్కే బీచ్ నుంచి ఇంటికొచ్చాక వాకిట్లో నిలబెట్టి కాళ్లు కడిగించే మా అమ్మకి ఈ ఊరు వెంటనే అర్థమైపోతుంది.

ఇప్పటి పలకలు చేపముల్లు ఆకారంలో, ఏటవాలుగా పరిచి ఉన్నాయి. చలికాలం కాబట్టి జనం లేరు. చక్రాల కుర్చీలో మనుషుల్ని కూర్చోబెట్టుకుని తోసే ఒకతను మాత్రం నన్ను చూసి ఆశగా లేచి, నా బ్యాక్‌ప్యాక్ చూసి మళ్లీ కూర్చున్నాడు. సాల్ట్ వాటర్ టాఫీ అని ఇక్కడి ఫేమస్ మిఠాయి ఒకటుంది. అందులో సముద్రపు నీరు ఉండదు, పేరు మాత్రమే. పళ్లకి అతుక్కుని అరగంట వదల్లేదు.

హెలెన్ అసలు ఇంటిపేరు ఫోగెల్. యూదుల కుటుంబం. పసిగుడ్డుగా ఉన్నప్పుడే తండ్రి ఇన్‌ఫ్లుయెంజాతో పోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది, కుటుంబం బ్రూక్లిన్‌కి మారింది. ఆ ఇంట్లో ఏం జరిగిందో 1982లో రాసిన ఆత్మకథలో ఆవిడే చెప్పింది. పద్నాలుగేళ్ల వయసులో సవతి తండ్రి మీదపడబోతే వంటింటి కత్తి అందుకుంది. తర్వాత పియానో టీచర్ కుటుంబం ఆమెని తమ ఇంట్లో పెట్టుకుంది. నీకు పియానో కంటే గొంతు నయం అని గుర్తించిందీ ఆ టీచరే. అక్కణ్ణుంచి ఆ పిల్ల మళ్లీ అట్లాంటిక్ సిటీకే వచ్చి అన్నయ్య బ్యాండ్‌లో పాడటం మొదలుపెట్టింది.

ఈ ఊరు ఆమెకి ఏం నేర్పి ఉంటుందా అని బోర్డ్‌వాక్ పొడుగునా ఆలోచిస్తూ నడిచాను. ఇది వినోదం అమ్ముకునే ఊరు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన స్టీల్ పియర్ 1898 నుంచి ఉంది. దాని చివర, అలల మీద, మెరైన్ బాల్‌రూమ్ ఉండేది. పెద్ద పెద్ద బ్యాండ్లన్నీ వచ్చి వాయించేవి. అదే పియర్ మీద, ఎత్తైన మంచె మీదనుంచి గుర్రాన్ని మనిషితో సహా నీళ్లలోకి దూకించే ఆట కూడా ఉండేది. అంటే ఒకే టికెట్టు మీద గుర్రం దూకుడూ ప్రేమపాటా. అలాంటి చోట పాడేవాళ్లకి ఒక విషయం తొందరగా తెలిసిపోతుంది: జనం నీకోసం రాలేదు, నువ్వే వాళ్లని ఆపాలి. బాల్‌రూమ్ 1969లో కాలిపోయింది. ఇప్పుడక్కడ జెయింట్ వీల్, పిల్లల రైడ్లు ఉన్నాయి. నేను వెళ్లినప్పుడు గేటుకి తాళం.

న్యూయార్క్ రేడియోలో కొన్నాళ్లు ‘బానీ బ్లూ’ అనే మారుపేరుతో పాడింది. ఫోగెల్ అంటే మరీ యూదు పేరులా ఉందని ఫారెస్ట్ అయింది. మన పేర్లు ఆఫీసులో ‘శ్రీ’, ‘వెంక్’, ‘సామ్’ అయిపోవడం నాకు వెంటనే గుర్తొచ్చింది. వాషింగ్టన్‌లో ఒక క్లబ్బులో పాడుతుండగా ఆర్టీ షా చెవిన పడింది. 1938లో షా అంటే మామూలు మాట కాదు. ‘బిగిన్ ద బిగీన్’ రికార్డుతో ఆ ఏడాదే దేశంలో టాప్‌కి వెళ్లిన క్లారినెట్ వాద్యకారుడు.

ఇక్కడ కథలో ఇంకో మనిషి ఉంది, ఆమెని దాటేసి వెళ్లకూడదు. షా దగ్గర అప్పటికే బిల్లీ హాలిడే పాడుతోంది. తెల్లవాళ్ల బ్యాండ్‌లో నల్లజాతి గాయనిని పెట్టుకోవడం అప్పట్లో సాహసమే. దక్షిణాది రాష్ట్రాల్లో ఆమెకి బ్యాండ్‌తో కలిసి తినడానికి హోటల్ దొరకదు, పడుకోవడానికి గది దొరకదు. చివరికి న్యూయార్క్‌లోనే, తాను పాడుతున్న లింకన్ హోటల్లోనే, సామాన్ల లిఫ్టులో రమ్మన్నారు. లింకన్ పేరు పెట్టుకున్న హోటల్! 1938 చివర్లో బిల్లీ బ్యాండ్ వదిలేసింది. కొన్ని వారాలు ఇద్దరూ ఒకే స్టేజీ పంచుకున్నారు. ఈ కొత్త పిల్లకి పాటలు ఇవ్వమని షాతో చెప్పింది బిల్లీయేనని హెలెన్ తర్వాత చెప్పుకుంది.

పేరు మార్చుకుంటే హెలెన్‌కి తలుపు తెరుచుకుంది. మార్చుకోవడానికి బిల్లీకి అలాంటిదేం లేదు. అట్లాంటిక్ సిటీ కూడా దీనికి అతీతం కాదు. ఎండలో ఈ ఊరికి పనిచేసి పెట్టిన నల్లవాళ్లకి బీచ్‌లో వేరే ముక్క ఉండేది. వాళ్ల జాజ్ క్లబ్బులు బోర్డ్‌వాక్ మీద కాకుండా లోపలి కెంటకీ అవెన్యూలో ఉండేవి. అక్కడి క్లబ్ హార్లెమ్ ఎంత మోగిపోయేదో అంత. నేను ఆ వీధికి వెళ్లి చూశాను. క్లబ్బు లేదు, 1992లో పడగొట్టేశారు. మోనోపలీ బోర్డు మీద కెంటకీ అవెన్యూ ఎర్ర రంగు గడి, 220 డాలర్లు.

1939 నవంబరులో షా ఒకరోజు స్టేజీ దిగి, ఈ గోల నాకొద్దని మెక్సికో వెళ్లిపోయాడు. లేఆఫ్ మెయిల్ కూడా లేదు. హెలెన్ బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్‌లో చేరింది. గుడ్‌మన్ ‘కింగ్ ఆఫ్ స్వింగ్’. మనిషితో పని చెయ్యడం మాత్రం నరకమని ఆయన దగ్గర వాయించినవాళ్లు చాలామంది చెప్పారు. హెలెన్ పాడుతుంటే వెనక క్లారినెట్‌తో ఏదో ఒకటి ఊదుతూ ఉండేవాడని ఆమెకి చిరాకు. ఇరవై నెలలు భరించి, 1941లో వదిలేసింది. నరాలు పాడవకుండా ఉండాలనే వదిలేశానంది. అయితే ఆ బ్యాండ్‌తో పాడిన ‘ద మ్యాన్ ఐ లవ్’ వినండి. భరించలేని మేనేజర్ కింద కూడా గొప్ప పని జరుగుతుంది. ఇది ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

తర్వాతి అడుగే ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చింది. హ్యారీ జేమ్స్ దగ్గరికి తనంతట తానే వెళ్లింది. ట్రంపెట్ వాయించే జేమ్స్ అప్పుడప్పుడే బ్యాండ్‌లోకి వయొలిన్లు తెచ్చుకుంటున్నాడు. ఆమె అడిగింది జీతం సంగతి కాదు. పాట మధ్యలో లేచి ఒక్క కోరస్ పాడి కూర్చోను, పాటని నా గొంతు చుట్టూ కట్టాలి అంది. జేమ్స్ ఒప్పుకున్నాడు.

వినడానికి చిన్న షరతు. కానీ ఇంజినీర్ బుర్రతో చూస్తే ఆర్కిటెక్చరే మారిపోయింది. అప్పటిదాకా గాయని ఒక ప్లగిన్. పీకేసినా పాట నడుస్తుంది. ఇప్పుడు ట్రంపెట్ ఆమె రాక కోసం దారి చేస్తుంది. వయొలిన్లు ఆమె వాక్యం అయ్యేదాకా ఆగుతాయి. టెంపో డాన్సర్ల కాళ్లని వదిలేసి ఆమె ఊపిరిని పట్టుకుంటుంది. ఆమె పాడే తీరులో గమకాలు, సంగతులు ఏమీ ఉండవు. మన చెవికి మొదట చప్పగా అనిపించొచ్చు, నాకూ అనిపించింది. మూడోసారి వింటుంటే తెలిసింది. ప్రతి మాటా స్పష్టంగా ఉంటుంది, బీట్ మీద పడకుండా వెంట్రుకవాసి వెనగ్గా వస్తుంది, ఏడుపు దగ్గరిదాకా వెళ్లి ఏడవదు. పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నారు, నీకు మాత్రమే వినపడేలా చెబుతున్నాను అన్నట్టుంటుంది.

1941 డిసెంబరు. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డ నెల. ఆ నెలలోనే జేమ్స్ బ్యాండ్‌తో ఆమె ‘ఐ డోంట్ వాంట్ టు వాక్ వితౌట్ యూ’ రికార్డు చేసింది. కావాలని చేసింది కాదు. కానీ కొన్ని నెలల్లో దేశంలో లక్షల ఇళ్లలో ఎవరో ఒకరు ఒంటరిగా నడవాల్సి వచ్చింది. పాట వాళ్లది అయిపోయింది.

యుద్ధం ఈ ఊరినీ పట్టుకుంది. జర్మన్ జలాంతర్గాములకి ఒడ్డు కనపడకుండా బోర్డ్‌వాక్ దీపాలు తగ్గించేశారు. 1942లో సైన్యం హోటళ్లని వరుసగా స్వాధీనం చేసుకుంది. ఊరికి ‘క్యాంప్ బోర్డ్‌వాక్’ అని పేరొచ్చింది. హనీమూన్ జంటలు నడిచిన పలకల మీద కొత్త సిపాయిలు కవాతు చేశారు. ప్రపంచంలోకెల్లా పెద్ద పైప్ ఆర్గాన్, 33 వేల పైచిలుకు గొట్టాలది, ఉన్న కన్వెన్షన్ హాల్ ట్రైనింగ్ సెంటర్ అయింది. హ్యాడన్ హాల్ అనే పెద్ద హోటల్ సైనిక ఆసుపత్రి అయింది. కాళ్లు, చేతులు పోగొట్టుకుని వచ్చిన కుర్రాళ్లు వేలమంది అక్కడ కృత్రిమ అవయవాలతో మళ్లీ నడక నేర్చుకున్నారు.

ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఇప్పుడది రిసార్ట్స్ క్యాసినో. 1978లో ఈ ఊళ్లో మొదట తెరిచిన క్యాసినో అదే. లోపలికి వెళ్లాను. స్లాట్ మెషీన్ల ముందు పొద్దున్నే పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు, ఒకావిడ పక్కన వాకర్ మడిచి పెట్టి ఉంది. అంతా గంటల మోత, రంగురంగుల స్క్రీన్లు. ఒక పక్కన సోఫా చూసుకుని ఇయర్‌బడ్స్ పెట్టుకుని ‘ఐ డోంట్ వాంట్ టు వాక్ వితౌట్ యూ’ వేశాను. ఈ అంతస్తుల్లోనే ఎక్కడో, 1943లో, ఒక పందొమ్మిదేళ్లవాడు రేడియోలో ఈ పాట విని ఉండడూ? నడక గురించిన పాటని, ఒంటికాలితో? పాట అయ్యేదాకా లేవలేకపోయాను. సెక్యూరిటీ అతను రెండుసార్లు చూసి వెళ్లాడు.

1942 ఆగస్టు 1న సంగీతకారుల యూనియన్ సమ్మె మొదలైంది. రికార్డు కంపెనీలు మాకు వాటా ఇచ్చేదాకా స్టూడియోలో వాయించం అన్నారు. దానికి ముందు జూలైలో కంపెనీలు హడావిడిగా దొరికినన్ని రికార్డు చేసిపెట్టుకున్నాయి. మన ఫ్రీజ్‌కి ముందురోజు రాత్రి డిప్లాయ్‌మెంట్లలాగే. ‘ఐ హ్యాడ్ ద క్రేజియెస్ట్ డ్రీమ్’, ‘ఐ హావ్ హర్డ్ దట్ సాంగ్ బిఫోర్’ రెండూ ఆ నెలలోవే. 1943లో రెండూ నంబర్ వన్ అయ్యాయి, రెండోది ఏకంగా 13 వారాలు. కొత్త రికార్డులు లేక కంపెనీలు పాతవి తవ్వితే, గుడ్‌మన్‌తో 1940లో పాడిన ‘టేకింగ్ ఎ ఛాన్స్ ఆన్ లవ్’ కూడా ఆ ఏడాదే నంబర్ వన్‌కి వచ్చింది. వదిలేసి వచ్చిన కంపెనీలో రాసిన కోడ్ రెండేళ్ల తర్వాత హిట్టయినట్టు.

సమ్మెలో ఇంకో తమాషా ఉంది. గాయకులు ఆ యూనియన్‌లో లేరు. వాయిద్యాలు ఆగిపోయిన రెండేళ్లలో గొంతులు మాత్రం బృందగానాల తోడుతో రికార్డులు చేస్తూనే ఉన్నాయి. జనానికి గాయకుల పేర్లు అలవాటయ్యాయి. బ్యాండ్ల రోజులు పోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాయిద్యగాళ్లు సైన్యంలోకి పోవడం, పెట్రోల్ రేషన్ వల్ల బస్సులు కదలకపోవడం, డాన్స్ హాళ్ల మీద పన్ను. అయినా లేబుల్ మీద అక్షరాల సైజు తారుమారైంది ఇక్కడేనని నాకనిపిస్తుంది.

‘క్రేజియెస్ట్ డ్రీమ్’ పాట సినిమాలో కూడా ఉంది. 1942లో వచ్చిన ‘స్ప్రింగ్‌టైమ్ ఇన్ ద రాకీస్’. స్టేజీ మీద జేమ్స్ బ్యాండ్, ముందు హెలెన్ నిలబడి పాడుతుంది. సినిమా హీరోయిన్ బెట్టీ గ్రేబుల్. అప్పటికి హెలెన్‌కి జేమ్స్ అంటే ప్రాణం, ఇద్దరి మధ్యా ప్రేమ నడిచింది. 1943 జూలైలో జేమ్స్ గ్రేబుల్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆ ఏడాది చివరికి హెలెన్ బ్యాండ్ వదిలేసింది. ఆ సీన్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మొహంలో ఏదైనా కనిపిస్తుందేమోనని వెతికాను. కనిపించదు. ఆవిడ ఉద్యోగంలో అది భాగం.

మా ప్రాజెక్టులో కూడా ఒకటి జరిగింది. ఏడాదిన్నర నేను రాసిన మాడ్యూల్‌ని క్లయింట్ డెమోలో ఇంకొకరు చూపించారు. స్లైడ్ మీద లోగో ఉంది, పేరు లేదు. వెండర్ ద్వారా పనిచేసేవాళ్లందరికీ ఇది తెలిసిన కథే, పెద్దగా చెప్పుకునేదేం లేదు. కానీ ఆ వారం రాత్రిళ్లు నేను వరుసగా విన్నది ఈవిణ్ణే. షరతు పెట్టగలిగినందుకు కాస్త అసూయ కూడా.

బ్యాండ్ల తర్వాత డిక్ హేమ్స్‌తో కలిసి 1944 నుంచి 1947 దాకా రేడియో షో చేసింది. ఇద్దరి యుగళగీతాలు బాగానే హిట్టయ్యాయి. ఆ తర్వాత గ్రాఫ్ కిందకే. క్లబ్బులు, చిన్న టూర్లు. 1960ల మొదట్లో, చనిపోయిన టామీ డోర్సీ పేరుతో నడిచే బ్యాండ్‌లో ఫ్రాంక్ సినాట్రా కొడుకుతో కలిసి పాత పాటలు పాడింది. 1980లో పక్షవాతం వచ్చింది. కోలుకుంది. 1982లో ఆత్మకథ, దాని పేరు కూడా ఆ ‘క్రేజియెస్ట్ డ్రీమ్’ పాటదే. 1983లో, అరవై ఆరేళ్ల వయసులో, ‘నౌ అండ్ ఫరెవర్’ అని మళ్లీ ఒక ఆల్బమ్. ఈసారి కవర్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది ఆవిడ పేరే. గొంతు కిందకి దిగింది, అంచులు గరుకెక్కాయి, కానీ ఆ వెంట్రుకవాసి ఆలస్యం అలాగే ఉంది. వుడీ అలెన్ 1986లో తీసిన ‘హన్నా అండ్ హర్ సిస్టర్స్’ చూసినవాళ్లు ‘ఐ హావ్ హర్డ్ దట్ సాంగ్ బిఫోర్’ వినే ఉంటారు. 1999 జూలైలో చనిపోయింది.

బోర్డ్‌వాక్ మీద ఆ రోజు నేను తిరిగినంత మేర ఆమె పేరు ఎక్కడా కనపడలేదు. సాయంత్రం తొందరగానే చీకటి పడటం మొదలైంది. సీగల్ ఒకటి నా చేతిలో ఉన్న ఫ్రైస్ పొట్లం మీద దాడి చేసి సగం ఎత్తుకుపోయింది.

మీలో ఎవరైనా వెళ్తే చలికాలంలో, సోమ, మంగళవారాల్లో వెళ్లండి. హోటల్ గదులు వేసవి రేటులో చాలా తక్కువకి దొరుకుతాయి. చెవులకి టోపీ మర్చిపోవద్దు. దారిలో వినడానికి ముందు ఆర్టీ షాతో ‘డీప్ పర్పుల్’, తర్వాత గుడ్‌మన్‌తో ‘ద మ్యాన్ ఐ లవ్’, ఆ తర్వాత హ్యారీ జేమ్స్‌వి పెట్టుకోండి. వెతికేటప్పుడు బ్యాండ్ లీడర్ల పేర్లతో వెతకండి, త్వరగా దొరుకుతాయి. ప్లేలిస్ట్‌కి పేరు మాత్రం మీ ఇష్టం. నేనైతే హెలెన్ అని పెట్టాను.